మన పెనుగంచిప్రోలు బిడ్డ కొమర్రాజు లక్ష్మణరావు గారు



వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. ఏం రాయాలా అని నలుగురం కూర్చుంటే, మేమంతా కలిసి ఓడిపోయిన ఒక పోటీ గుర్తుకొచ్చింది.

మా రోజుల్లో వార్షికోత్సవానికి ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక జనరల్ నాలెడ్జి పోటీ పెట్టేవాళ్లు. వరండాలో చాపలు పరిచి అటు జగ్గయ్యపేట వైపు పిల్లలు, ఇటు నందిగామ వైపు పిల్లలు రెండు జట్లుగా కూర్చునేవాళ్లం. బస్టాండు దగ్గర కొన్న బిట్ బ్యాంకులు నెలరోజులు బట్టీ పట్టి వచ్చేవాళ్లం. ప్రపంచంలో పొడవైన నది ఏది, చంద్రుడి మీద మొదట కాలు పెట్టింది ఎవరు, నోబెల్ బహుమతి పొందిన తొలి భారతీయుడు ఎవరు అని అడగడమే ఆలస్యం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేవాళ్లం. ఆ ఏడు తెలుగు మాస్టారు చివరి ప్రశ్నగా, తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వాన్ని తయారుచేసింది ఎవరని అడిగారు. రెండు జట్లూ మౌనం. ఆయన పుట్టిన ఊరైనా చెప్పమన్నారు. మళ్లీ మౌనం. చివరికి మాస్టారే ఆ ఊరు పెనుగంచిప్రోలు అని చెప్పారు. మా జట్టులో పెనుగంచిప్రోలు కుర్రాడే ఒకడున్నాడు. వాడు తల దించుకున్నాడు. వాడితో పాటు మేమూ దించుకున్నాం.

ఆ రాత్రి బాకీని ఇన్నాళ్లకు ఇలా తీర్చుకుంటున్నాం.

బాల్యం

పెనుగంచిప్రోలు అనగానే మనకు తిరుపతమ్మ తల్లి గుడి, తిరునాళ్లకు కట్టిన ప్రభలు, మున్నేటి ఇసుక గుర్తుకొస్తాయి. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు 1877 మే 18న ఆ మున్నేటి ఒడ్డున పుట్టారు. తండ్రి వెంకటప్పయ్య గారు, తల్లి గంగమ్మ గారు. అప్పుడది కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. 2022లో జిల్లాలు మారాక మనమంతా ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం.

లక్ష్మణరావు గారికి ఊహ తెలిసేనాటికే తండ్రి లేరు. సవతి అన్నగారు శంకరరావు ఆదరణలో భువనగిరిలో తొలి చదువులు సాగాయి. తర్వాత అక్కగారు భండారు అచ్చమాంబ అత్తవారింటి నీడన నాగపూరు చేరారు. బావగారు మాధవరావు అక్కడ ఇంజనీరు. సొంత ఊరు, సొంత భాష వదిలి పరాయి ఊళ్లో బంధువుల ఇంట ఉండి చదువుకోవడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా?

నాగపూరులో చుట్టూ మరాఠీ. ఆయన ఆ భాషను పరాయిదనుకోలేదు. అందులో వ్యాసాలు రాసేటంతగా నేర్చుకున్నారు. సంస్కృతం, ఇంగ్లీషు చదివారు. బి.ఏ., ఎం.ఏ. పట్టాలు పొందారు. అంతకన్నా ముఖ్యమైన పాఠం ఒకటి అక్కడ ఆయనకు దొరికింది. మరాఠీ వాళ్లు చరిత్రను, శాస్త్రాలను తమ భాషలో రాసుకుంటున్నారు. తెలుగులో అప్పటికి కావ్యాలు, పురాణాలు కావలసినన్ని ఉన్నాయి. కానీ కలరా ఎందుకు వస్తుంది, మన దేశాన్ని పూర్వం ఎవరెవరు పాలించారు అని తెలుసుకోవాలంటే ఇంగ్లీషు వచ్చి తీరాలి. ఈ లోటు ఆయన మనసులో నాటుకుపోయింది.

అక్క, తమ్ముడు

లక్ష్మణరావు గారి గురించి చెప్పి అచ్చమాంబ గారిని వదిలేస్తే కథ సగమే అవుతుంది. ఆమె తమ్ముడి కన్నా మూడేళ్లు పెద్ద. ఆరేళ్లకే పెళ్లయింది. ఏ బడీ చూడలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. అక్క పెట్టిన అన్నం తిని తమ్ముడు చదివాడు, ఆ చదువునే అక్కకు పంచాడు.

అలా ఇంట్లో నేర్చిన అక్షరాలతో ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గొప్ప స్త్రీల చరిత్రల గ్రంథం రాశారు. 1902లో ధనత్రయోదశి అనే కథ రాశారు. మన పాఠాల్లో తొలి తెలుగు కథగా చెప్పే గురజాడ వారి దిద్దుబాటు వచ్చింది 1910లో. అందుకే తొలి కథకురాలు అచ్చమాంబ గారేనని అనేవారు నేడు చాలామంది ఉన్నారు. అదే 1902లో బందరులో స్త్రీల కోసం ఒక సమాజం స్థాపించడంలోనూ ఆమె ముందు నిలిచారు. ఆమెకు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అనాథ పిల్లలను ఇంట పెట్టుకుని అన్నం పెట్టి చదువు చెప్పించారు. 1905లో ముప్పయి ఏళ్లు దాటీ దాటకుండానే కన్నుమూశారు.

లక్ష్మణరావు గారు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నారు. ఆ కొమర్రాజు అచ్చమాంబ గారు డాక్టరై, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మునగాల నుండి హైదరాబాదుకు

చదువు పూర్తయ్యాక లక్ష్మణరావు గారు మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారి సంస్థానంలో దివానుగా చేరారు. మనం జగ్గయ్యపేటలో హైదరాబాదు బస్సు ఎక్కితే కోదాడ దాటాక వచ్చే మునగాల అదే. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో దీవిలాగా మునగాల పరగణా మాత్రం మన కృష్ణా జిల్లాది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతే దాన్ని నల్గొండ జిల్లాలో కలిపారు.

నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. అక్కడి తెలుగు పిల్లలకు తమ భాషలో చదువుకునే వీలు చాలా తక్కువ. ఈ పరిస్థితి చూసి లక్ష్మణరావు గారు, మునగాల రాజా గారు, రావిచెట్టు రంగారావు గారు మరికొందరు మిత్రులు కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపించారు. రావిచెట్టు వారి ఇంట్లోనే అది మొదలైంది. తర్వాత 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. తెలంగాణలో గ్రంథాలయ ఉద్యమానికి విత్తనాలు ఇవే.

విజ్ఞాన చంద్రికా మండలి

గ్రంథాలయం పెట్టారు సరే, అందులో పెట్టడానికి కొత్త పుస్తకాలు ఏవి? అందుకని 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని ప్రారంభించారు. లక్ష్మణరావు గారికి తోడుగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మన నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు నిలబడ్డారు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు అయింది ఈ కాళేశ్వరరావు గారే. ఒక పెనుగంచిప్రోలు మనిషి, ఒక నందిగామ మనిషి తెలుగు పుస్తకం కోసం హైదరాబాదులో చేయి కలపడం తలచుకుంటే మాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మండలి వేసిన మొదటి పుస్తకం ఏ రాజు కథో కాదు. గాడిచర్ల వారు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. చెక్క గుడిసెలో పుట్టి, బడిలో మొత్తం కలిపి ఏడాదైనా చదవని లింకన్ అమెరికా అధ్యక్షుడై 1863లో బానిసల విముక్తి ప్రకటన చేశాడు. కట్టెలు కొట్టుకున్న కుర్రాడి కథతో తెలుగులో ఒక పుస్తకాల వరుస మొదలైందంటే, ఆ ఎంపిక వెనుక ఎంత ఆలోచన ఉందో చూడండి.

ఆ తర్వాత చరిత్ర, శాస్త్ర విషయాలు, వైద్యం, నవలలు వరుసగా వచ్చాయి. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము 1910లో వెలువడింది. డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి చేత జీవశాస్త్రం, రోగాల గురించిన పుస్తకాలు రాయించారు. లక్ష్మణరావు గారు తామే శివాజీ చరిత్ర, భారతదేశ చరిత్ర గ్రంథాలు రాశారు. పాత శాసనాలు చదివి, ఆధారం ఉన్నదే రాయాలనే పద్ధతిని తెలుగు చరిత్ర రచనలో పాటించి చూపిన తొలి తరం వారిలో ఆయన ఒకరు. 1908లో మండలి మద్రాసుకు మారింది. అదే ఏడు గాడిచర్ల వారు పత్రికలో రాసిన రాతలకు జైలుకు వెళ్లారు. అయినా పని ఆగలేదు.

అ దగ్గర ఆగిన పని

1912-13 ప్రాంతంలో లక్ష్మణరావు గారు తన జీవితంలోకెల్లా పెద్ద పని తలకెత్తుకున్నారు. అదే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. లోకంలో మనిషి తెలుసుకున్న విషయాలన్నిటినీ అకారాది క్రమంలో, అంటే నిఘంటువులో మాటల్లాగా వరుసగా పేర్చి, ఒక్కొక్క విషయం మీద తెలిసినవారి చేత వ్యాసం రాయించి తెలుగులో అచ్చువేయాలి.

ఇది ఎంత కష్టమో ఆలోచించండి. ఇంగ్లీషులో బ్రిటానికా తొలి కూర్పు 1768 నుండి 1771 మధ్య మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా అన్నీ ఉన్నాయి. వాళ్లకు శాస్త్రాల పేర్లు, పారిభాషిక పదాలు అప్పటికే ఉన్నాయి. మన భాషలో చాలా విషయాలకు పదాలే లేవు. వ్యాసం రాయించడానికి ముందు పదం పుట్టించాలి. రాసేవారిని వెతకాలి, రాసింది సరిచూడాలి, అచ్చుకు డబ్బు పోగుచేయాలి. మద్రాసులో ఈ పనికి తోడుగా వచ్చిన యువకుల్లో మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు ఒకరు. ఆయన ఆ తర్వాత గొప్ప చరిత్రకారుడయ్యారు.

లక్ష్మణరావు గారు ఏ విషయాన్నీ పైపైన ముగించి వదిలే మనిషి కాదు. అందువల్ల మూడు సంపుటాలు వెలువడినా మూడూ అకారంలోనే ఉన్నాయి. ఆ అనే అక్షరం దాకా కూడా వెళ్లలేకపోయారు. ఇల్లు మాత్రం పండితులకు సత్రంలా ఉండేది. 1919 మేలో కందుకూరి వీరేశలింగం గారు కన్నుమూసింది మద్రాసులో లక్ష్మణరావు గారి ఇంట్లోనే.

ఆరోగ్యం దెబ్బతింటున్నా ఆయన పని మానలేదు. 1923 జూలైలో, నలభై ఆరేళ్లకే మద్రాసులో మరణించారు. విజ్ఞాన సర్వస్వం అ దగ్గరే ఆగింది.

1930లలో మన కృష్ణా జిల్లా వారే అయిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, అమృతాంజనం పంతులు గారంటే అందరికీ తెలుసు, ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నారు. 1938లో ఆయనా పోయారు. మరాఠీలో కేత్కర్ గారు లక్ష్మణరావు గారి తర్వాత మొదలుపెట్టి 23 సంపుటాల జ్ఞానకోశం పూర్తి చేయగలిగారు. తెలుగులో మాత్రం తర్వాతి తరాలు వేరువేరు సంస్థలుగా ఆ పని చేయవలసి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అందులో జీతం లేకుండా వ్యాసాలు రాసేవారు 2013లో ఆయన పేరు మీద ఒక పురస్కారం పెట్టుకున్నారు. పెనుగంచిప్రోలు మనిషి మొదలుపెట్టిన పని అలా చేతులు మారుతూ నడుస్తూనే ఉంది.

మనకూ ఆయనకూ ఏమిటి సంబంధం?

ఈ వ్యాసం రాసేటప్పుడు మాలో మాకే ఒక వాదన వచ్చింది. ఆయనది చదువుకున్న కుటుంబం. ఆయన పుస్తకాలు అచ్చయ్యే రోజుల్లో మన ముత్తాతలు పొలాల్లో వెట్టి చేస్తున్నారు. 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరం వచ్చినవారు నూటికి ఐదుగురే. ఆ ఐదుగురిలో మన వాడల వాళ్లు ఎందరుంటారు? ఆ విజ్ఞాన చంద్రిక వెలుగు మన గుడిసెల దాకా రాలేదు గదా అని మాలో ఒకడు గట్టిగానే అడిగాడు.

వాడి మాట నిజం. దాన్ని దాచి పొగడ్తలు రాయడం మాకు ఇష్టం లేదు. కానీ దాని పక్కనే ఇంకో నిజం కూడా ఉంది. విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిన 1906లోనే, అదే హైదరాబాదులో, భాగ్యరెడ్డి వర్మ గారు జగన్ మిత్ర మండలి స్థాపించారు. అక్షరం రాని మన వాళ్లకు హరికథల ద్వారా విషయాలు వినిపించారు. తర్వాత మన పిల్లలకు బడులు పెట్టించారు. ఒక మండలి పుస్తకాన్ని తయారుచేసింది. ఇంకో మండలి ఆ పుస్తకం చదవగల మనుషులను తయారుచేసింది. రెండూ కలిస్తేనే ఈ రోజు హాస్టల్ వరండాలో చాప మీద కూర్చుని పుస్తకం చదువుతున్న మనం ఉన్నాం.

జనరల్ నాలెడ్జి అంటే ఉద్యోగ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడమేనని మేము చాలాకాలం అనుకున్నాం. ఆ టిక్కులు మాలో కొందరికి ఉద్యోగాలు ఇచ్చాయి, ఆ మాట కాదనం. కానీ లక్ష్మణరావు గారి జీవితం చదివాక తెలిసింది ఏమిటంటే, జవాబు తెలిసినవాడు తెలియనివాడికి వాడి భాషలో చెప్పినప్పుడే అది జ్ఞానం అవుతుంది. ఆయన అక్కకు చెప్పాడు, అక్క అనాథ పిల్లలకు చెప్పింది. మనం ఎవరికి చెబుతున్నాం?

తమ్ముళ్లూ, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్తారు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు చుట్టాలంతా చేరతారు. పెద్దవాళ్లు పొడుపు కథలు వేస్తారు. వాటికి జవాబులు చెప్పండి. తర్వాత మీ వంతుగా ఈ పది ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పిన వాళ్లను అంతటితో వదలకండి, దాని వెనుక కథ కూడా చెప్పించండి. చెప్పలేకపోతే మీరు చెప్పండి. చదువురాని అమ్మమ్మను కూడా ఆటలో కూర్చోబెట్టండి. మున్నేటి గురించి, మన ఊళ్ల గురించి ఆమెకు తెలిసినంత మనకు తెలియదు.

ఇంటిల్లిపాదికీ పది ప్రశ్నలు

1. మున్నేరు ఏ నదిలో కలుస్తుంది?
2. జగ్గయ్యపేట ఎవరి పేరు మీద వెలిసింది?
3. అమరావతి స్తూపంతో కలిపి 1887లో ఇంగ్లీషు పుస్తకంలో వర్ణించిన మన ప్రాంతపు బౌద్ధ స్తూపం ఏది?
4. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరుగా పనిచేసిన నందిగామ బిడ్డ ఎవరు?
5. నిజాం రాజ్యం మధ్యలో ఉండి కూడా కృష్ణా జిల్లాకు చెందిన పరగణా ఏది?
6. 1902లో ధనత్రయోదశి కథ రాసింది ఎవరు?
7. విజ్ఞాన చంద్రికా మండలి మొదటి పుస్తకం ఎవరి జీవిత చరిత్ర?
8. కందుకూరి వీరేశలింగం గారు ఎవరి ఇంట్లో కన్నుమూశారు?
9. 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించింది ఎవరు?
10. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తొలి మూడు సంపుటాలు ఏ అక్షరంతో ఆగాయి?

జవాబులు: 1. కృష్ణా నది. 2. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి తండ్రి జగ్గయ్య గారి పేరు మీద. 3. జగ్గయ్యపేట స్తూపం; పుస్తకం రాసింది జేమ్స్ బర్జెస్. 4. అయ్యదేవర కాళేశ్వరరావు. 5. మునగాల. 6. భండారు అచ్చమాంబ. 7. అబ్రహాం లింకన్. 8. కొమర్రాజు లక్ష్మణరావు. 9. భాగ్యరెడ్డి వర్మ. 10. అ.

వచ్చే వార్షికోత్సవం రాత్రి మళ్లీ రెండు జట్లుగా కూర్చున్నప్పుడు, పెనుగంచిప్రోలు పేరు వినగానే ఏ తమ్ముడూ తల దించుకోకూడదు. ఈసారి తల ఎత్తి చెప్పాలి. మేము కూడా వచ్చి ఆ చాప చివర కూర్చుంటాం.

మీ
పూర్వ విద్యార్థులు